కూల్చని పునర్నిర్మాణం: పేట్రిక్ గెడ్డెస్ పట్టణ గృహదృక్పథం – ఒక చారిత్రక పరిశీలన

1896 సెప్టెంబరులో బొంబాయి రేవును ఆనుకొని ఉన్న మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. వ్యాధికంటే ముందు భయం నగరమంతా వ్యాపించింది. లక్షలాది జనం ఊరు విడిచి వెళ్లారు. మిల్లులు మూతపడ్డాయి. రెండేళ్ల తరువాత, 1898లో, శాసనం ద్వారా బొంబాయి నగర ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. పేదల ఇంటిని పాలనాసమస్యగా గుర్తించి, దానికోసమే అధికారాలూ నిధులూ కేటాయించిన సంస్థలలో భారతదేశంలో ఇది తొలితరానికి చెందినది. అయితే ఆ గుర్తింపు వెనుక ఉన్న తర్కం ఇంటికి అనుకూలమైనది కాదు. గాలి ఆడని సందులో రోగం పుడుతుంది, కనుక సందును ఛేదించాలి. ఇరుకు పేటలో రోగం పెరుగుతుంది, కనుక పేటను తొలగించాలి. సముద్రపు గాలిని నగరగర్భంలోకి తీసుకురావాలన్న ఉద్దేశంతో ప్రిన్సెస్ వీధి, శాండ్‌హర్స్ట్ రోడ్డు అలా వచ్చినవే.

వీధులు వచ్చాయి. ఆ వీధుల కింద పోయిన ఇళ్లలోనివారు ఏమయ్యారన్నది చరిత్రకారులు తరువాత వేసిన ప్రశ్న. మిల్లులోనో రేవులోనో రోజుకూలికి పనిచేసే మనిషి పనిచోటికి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఉండాలి. అందువల్ల కూలిన పేటలోని జనం నగరశివార్లకు పోలేదు; పక్క పేటలోని గదుల్లోకి చేరారు. నలుగురున్న గదిలో ఎనిమిదిమంది అయ్యారు. అద్దె పెరిగింది. ట్రస్టు తాను కూల్చిన వాటికి బదులుగా చాల్‌లు కట్టింది గాని, వాటి నిర్మాణం కూల్చివేతతో సమానంగా సాగలేదు. ఒక పేటలోని ఇరుకును తొలగించడమంటే దానిని పొరుగు పేటకు బదిలీ చేయడమేనన్న సంగతి ట్రస్టు అధికారులకూ క్రమంగా అర్థమైంది. అయినా ఆ నమూనా ఆగలేదు. 1912లో కలకత్తాలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. అదే ఏడాది హైదరాబాదులో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. దాని ప్రస్తావన తరువాత వస్తుంది.

ఈ తర్కాన్ని లోపలినుంచి ప్రశ్నించిన వ్యక్తి వాస్తుశిల్పి కాడు, ఇంజనీరు కాడు. స్కాట్లండుకు చెందిన పేట్రిక్ గెడ్డెస్ (1854–1932) జీవశాస్త్రవేత్త. థామస్ హెన్రీ హక్స్‌లీ శిష్యుడు. 1879లో మెక్సికోలో ఉండగా కొంతకాలం చూపు దెబ్బతిని, సూక్ష్మదర్శినితో చేసే పరిశోధన కష్టమైపోయింది. ఆ తరువాత ఆయన దృష్టి మొక్కనుంచి మొక్క పెరిగే నేలవైపు, జీవినుంచి జీవి నివసించే చోటువైపు మళ్లింది. డండీలో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా ఏడాదిలో ఒక్క వేసవి సత్రంలోనే పాఠాలు చెప్పేవాడు. మిగిలిన కాలమంతా ఎడిన్‌బరో నగరానికి అంకితం.

ఎడిన్‌బరో పాతపట్టణం కథ తెలుగు పాఠకులకు పరిచయమైనదే అనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్ది చివరలో సంపన్నులు లోయ అవతల కట్టిన కొత్తపట్టణానికి తరలిపోయారు. కోటగుట్ట మీద మిగిలిన ఆరేడంతస్తుల రాతి ఇళ్లు గదులు గదులుగా చీలి, నిరుపేదల నివాసాలయ్యాయి. కోట చుట్టూ పుట్టిన పట్టణానికి కోట కళ తప్పితే ఏ గతి పడుతుందో చెప్పడానికి మన ప్రాంతంలోనూ ఉదాహరణలకు కొదవ లేదు. 1886లో అన్నా మార్టన్‌ను వివాహమాడిన గెడ్డెస్, ఆ వెంటనే అక్కడి జేమ్స్ కోర్ట్ అనే ఆవరణలో ఒక ఇంట్లో కాపురం పెట్టాడు. సంస్కర్తలు మురికివాడను సందర్శించడం ఆనాడు వింత కాదు. అక్కడ ఇల్లు తీసుకొని ఉండడం వింత. దంపతులు చేసిన మొదటి పనులు చిన్నవి: ఇరుగుపొరుగువారితో కలిసి ఆవరణ ఊడ్చడం, గోడలకు సున్నం వేయడం, కిటికీల్లో పూలమొక్కలు పెట్టడం. తరువాత శిథిలమైన ఒకటి రెండు కట్టడాలను తీసివేసి వెలుతురుకు దారి ఇవ్వడం, మిగిలినవాటిని మరమ్మతు చేయడం. 1887లో విద్యార్థులు తామే నిర్వహించుకొనే వసతిగృహాన్ని అదే ప్రాంతంలో ప్రారంభించాడు. 1890లలో కవి ఆలన్ రామ్సే పాత ఇంటి చుట్టూ రామ్సే గార్డెన్ గృహసముదాయం లేచింది. చదువుకున్నవారు తిరిగి పాతపట్టణానికి రావాలి, వచ్చి పేదలకు పొరుగువారు కావాలి అన్నది ఆయన ఆశ.

ఆ ఆశ ఎంత నెరవేరిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పొరుగు కలిసిందిగాని సమంగా కలవలేదు. రామ్సే గార్డెన్ ఆచార్యుల, కళాకారుల నివాసమైంది. బాగుపడిన చోటుకు విలువ పెరుగుతుంది. విలువ పెరిగిన చోట పాత అద్దెదారు నిలవడం కష్టం. గెడ్డెస్ ఈ చిక్కును పూర్తిగా గుర్తించినట్లు ఆయన తరువాతి రచనలలోనూ కనిపించదు. ఈ లోపం భారతదేశంలోని ఆయన కృషిలో మరో రూపంలో తిరిగి ఎదురవుతుంది.

మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆహ్వానంపై 1914లో గెడ్డెస్ భారతదేశానికి వచ్చాడు. తాను ఏళ్లతరబడి సేకరించిన పటాలు, నమూనాలు, చిత్రాలతో కూడిన నగర ప్రదర్శనను వేరే ఓడలో పంపాడు. ‘క్లాన్ గ్రాంట్’ అనే ఆ ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచివేసింది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించి తీరాంధ్రం దాకా జనాన్ని బెదరగొట్టిన ఎమ్డెన్ ఇదే. మిత్రులు ఇంగ్లండులో మరల సామగ్రి కూర్చి పంపగా, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగింది. ఆ తరువాత పదేళ్లలో ఆయన దేశంలో పదులకొద్దీ పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. తంజావూరు, మధుర, లక్నో, లాహోరు, బలరాంపూరు, ఇందూరు వాటిలో ముఖ్యమైనవి. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర, పౌరశాస్త్ర ఆచార్యపదవిని స్వీకరించాడు.

ఆయన పద్ధతికి ఆయనే పెట్టిన పేరు వైద్యంనుంచి వచ్చింది. తెలుగులో దానిని ‘సంరక్షక శస్త్రచికిత్స’ అనవచ్చు. శరీరాన్ని కాపాడడానికి అవసరమైనంత మేరకే కత్తి పెట్టడం అని భావం. ఈ పద్ధతిలో మొదటి పని నడక. పురపాలక ఇంజనీరు ముందున్న పటంలో వీధి రెండు గీతలు. వాటి మధ్య ఇల్లు ఉన్నదా, బావి ఉన్నదా, వేపచెట్టు కింద గుడి ఉన్నదా ఆ పటం చెప్పదు. గెడ్డెస్ ప్రతి సందూ తిరిగి, ఏ ఇల్లు గట్టిగా ఉంది, ఏది కూలడానికి సిద్ధంగా ఉంది, ఏది ఇప్పటికే పాడుపడి ఖాళీగా ఉంది అన్నది పటంపై గుర్తించేవాడు. ఈ పరిశీలన పూర్తయ్యాక దాదాపు ప్రతిచోటా ఒకే విషయం తేలేది: ఇరుకనుకొన్న పేటలో ఖాళీస్థలాలున్నాయి. కూలిన గోడలు, వారసులు లేని ఇళ్లు, చెత్తకుప్పలుగా మారిన దొడ్లు. వీటిని కలుపుతూ పోతే గట్టి ఇళ్లను ముట్టుకోకుండానే సందు వెడల్పవుతుంది. మలుపు దగ్గర నాలుగు చెట్లు నాటేంత చదును దొరుకుతుంది.

తంజావూరు ఇందుకు మంచి నిదర్శనం. రఘునాథ నాయకుని కాలంలో తెలుగు యక్షగానాలకు ఆలవాలమైన ఆ కోటలో, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంనాటికి ఇళ్లు కిక్కిరిసి ఉన్నాయి. పురపాలకసంఘం దగ్గర ఉన్న పథకం ఆనాటి పరిపాటి ప్రకారం తిన్నని వీధులది. అవి ఎన్నో నివాసాలను మధ్యగా కోసుకుంటూ పోతాయి. గెడ్డెస్ అదే పేటను నడిచి కొలిచి, కొద్దిపాటి పాడు కట్టడాలను తొలగిస్తే చాలునని చూపాడు. తన పద్ధతికి వీధుల పథకంతో పోలిస్తే అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఇక్కడ ఖర్చు మాట అప్రధానం కాదు. ఇంప్రూవ్‌మెంట్ పథకాలలో సొమ్ములో పెద్దభాగం నష్టపరిహారానికీ నేలసేకరణకూ పోయేది; అందువల్లనే పునర్నివాసానికి చేతులు ఆడేవి కావు. కూల్చివేత ఖరీదు తగ్గితే ఇంటి మరమ్మతుకు డబ్బు మిగులుతుంది. దయకంటే లెక్క మునిసిపాలిటీని త్వరగా కదిలిస్తుందని గెడ్డెస్‌కు తెలుసు.

ఇంటి విషయంలో ఆయన దృక్పథం ఆనాటి ప్రభుత్వ గృహనిర్మాణానికి పూర్తిగా భిన్నమైనది. కార్మికునికి ఇటుకగోడల ఒంటిగది చాలునన్న నాటి అధికారుల భావనను ఆయన తిరస్కరించాడు. ఇటుకా మట్టా అన్నది తరువాతి సంగతి; ముందు కావలసింది స్థలం. నేల తగినంత ఉంటే మట్టిగోడ, పూరికప్పు ఇల్లయినా కుటుంబంతోపాటు పెరుగుతుంది. నేల లేని పక్కా గది పెరగదు. భారతీయ గృహంలో నడిమి లోగిలి, అరుగు, పెరడు వృథాస్థలాలు కావని, పగటిపూట బతుకు చాలావరకు అక్కడే సాగుతుందని ఆయన గ్రహించాడు. మండువా లోగిలిలో పుట్టిపెరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు. విదేశీయుడు ఒకడు దీనిని నివేదికలో వాదించి ఒప్పించవలసి వచ్చిందన్నదే విశేషం. తులసికోటను ఆయన ప్రత్యేకంగా పేర్కొనేవాడు. తులసి బతకాలంటే ఎండ, నీరు, శుభ్రమైన ముంగిలి కావాలి. ఒక మొక్క ఆరోగ్యంగా ఉండే ఇంట్లో ఆరోగ్యసూత్రాలన్నీ అప్పటికే అమలవుతున్నట్లు లెక్క. చెరువుల విషయంలోనూ ఇదే దృష్టి. మలేరియా భయంతో ఊరిచెరువులను పూడ్చే పద్ధతిని ఆయన వ్యతిరేకించాడు. దోమపిల్లలను తినే చేపలను, బాతులను వదిలి, గట్లను శుభ్రం చేస్తే చెరువు పేటకు చల్లదనమిస్తుందని వాదించాడు.

1917వ సంవత్సరం గెడ్డెస్‌కు అతికఠినమైనది. పెద్దకుమారుడు అలస్‌డేర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడు. కొద్దివారాలకు అన్నా జ్వరంతో భారతదేశంలోనే కన్నుమూసింది. కొడుకు మరణవార్త ఆమెకు చివరివరకు చెప్పలేదు. జేమ్స్ కోర్ట్‌లో సున్నం బకెట్టు పట్టిన చేయి ఆమెది. ఆ దుఃఖంలోనే ఆయన ఇందూరు పనిలో మునిగాడు.

ఇందూరు హోల్కర్ల రాజధాని. ప్లేగు ప్రతిఏటా వచ్చిపోతోంది. పటాలు చేతబట్టి సందులు తిరుగుతున్న తెల్లదొరను చూసి, ఇళ్లు కూల్చడానికి వచ్చినవాడేనని జనం అనుమానించారు. ఆ అనుమానం నిరాధారమైనది కాదు. అప్పటివరకు ఏ నగరంలోనైనా పటం వెనుకనే గునపం వచ్చింది. అప్పుడు ఆయన దర్బారును ఒక వింతకోరిక కోరాడు. ఆ ఏటి దీపావళికి తనను ఒక్కరోజు మహారాజును చేయాలి. దర్బారు అంగీకరించింది. ఊరేగింపు పరిపాటి దారిన పోదనీ, ఏ పేటవారు తమ ఇళ్లను, వీధులను అందరికంటే బాగా శుభ్రం చేసి మరమ్మతు చేసుకుంటారో ఆ వీధులగుండా పోతుందనీ చాటింపు వేయించాడు. పోటీ పుట్టింది. ఇళ్లనుంచి వేల బండ్ల చెత్త బయటికి వచ్చింది. గోడలకు సున్నం పడింది. ఎలుకలు తవ్విన కన్నాలు పూడాయి.

ఊరేగింపులో ఏనుగులూ పంటబండ్లూ లక్ష్మీదేవి శకటమూ నడిచాయి. వాటి వెనుక మురికి రాక్షసుడు, ప్లేగును మోసే పెద్ద ఎలుక బొమ్మలుగా వచ్చారు. ఆ వెనుక నగరపు పారిశుద్ధ్య కార్మికులు కొత్త తెల్లబట్టలు కట్టి, పూలదండలు వేసుకొని, కొత్త చీపుళ్లతో నడిచారు. ఇందూరు కాబోయే రూపాన్ని చూపే నమూనాలు వారిని అనుసరించాయి. చివర రాక్షసుని బొమ్మలను తగలబెట్టారు. ఇంటింటికీ తులసిమొక్కలు పంచారు. ప్లేగు ఎలుకనుంచి ఈగుద్వారా మనిషికి సోకుతుందన్న సంగతి శాస్త్రలోకానికి అప్పటికి తెలిసినదే. ఎలుక బతికేది పగిలిన నేలలో, పాడుగోడలో. కూల్చివేత ఎలుకను చంపదు, పక్కింటికి పంపుతుంది. మరమ్మతు చేసిన ఇంట్లో దానికి చోటుండదు. ఈ శాస్త్రసత్యాన్ని గెడ్డెస్ కరపత్రంగా కాక పండుగగా చెప్పాడు. ఆ తరువాత ఆయనను చూసి ఇందూరువాసులు తలుపులు మూయలేదు. 1918లో వెలువడిన ఇందూరు నివేదిక రెండు సంపుటాలది. ఆయన భారతీయ నివేదికలలో అతివిస్తృతమైనది.

అయితే ఆ ఊరేగింపును మరొకసారి చూడాలి. తెల్లబట్టలు కట్టిన పారిశుద్ధ్య కార్మికులు పండుగ మరునాడు ఎక్కడికి వెళ్లారు? తమ వాడకే. వారి వాడ ఎక్కడ ఉండాలో నిర్ణయించిన వ్యవస్థను గెడ్డెస్ ప్రశ్నించలేదు. పేటను ఒక జీవిగా చూసే దృష్టిలో ఉన్న చిక్కు ఇది. జీవిలో అవయవాలకు స్థానాలు సహజం. సమాజంలో అవి సహజం కావు. తెలుగు ఊళ్లలో పేటకూ వాడకూ మధ్య ఉన్న అంతరం నిఘంటువు చెప్పే అర్థభేదం మాత్రమే కాదు. పాత అల్లికను యథాతథంగా కాపాడితే ఆ అల్లికలోని ఎడమూ కాపాడబడుతుంది. వెడల్పు రోడ్డు వేసిన ఇంజనీరు ఈ ఎడాన్ని చెరపలేదు, నిజమే; అతడు అందరికంటే ముందు వాడనే కూల్చాడు. కాని గెడ్డెస్ సానుభూతిపరులు ఆయనలోని ఈ మౌనాన్ని తేలికగా దాటవేయడం న్యాయం కాదు.

రెండో పరిమితి యాజమాన్యానిది. ఇల్లు మరమ్మతు చేసుకొమ్మని చెప్పడం సొంత ఇల్లున్నవారికి చెల్లుతుంది. అద్దెగదివారు గోడకు సున్నం వేస్తే ఆ మేలు యజమానికి, పెరిగిన అద్దె తమకు. ఇక నేలపై ఏ హక్కూ లేక గుడిసె వేసుకున్నవారు చేసిన మరమ్మతు ఒక్క నోటీసుతో పోతుంది. ఎడిన్‌బరోలో కనిపించిన చిక్కే ఇది.

హైదరాబాదు చరిత్ర ఈ రెండో పరిమితిని స్పష్టం చేస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఒడ్డునున్న పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి నదీతీరాన్ని తీర్చిదిద్దింది. రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుసను కట్టింది. ఇరుకు పేటలను తొలగించి వరుస ఇళ్లు నిర్మించి అద్దెకిచ్చింది. బొంబాయి ట్రస్టుతో పోలిస్తే గృహనిర్మాణంపై హైదరాబాదు మండలి శ్రద్ధ చెప్పుకోదగ్గదే. కాని నిర్ణయం పైనుంచి వచ్చేది. నివాసి అద్దెదారుగానే మిగిలాడు. చరిత్రలోని ఒక వైచిత్రి ఏమంటే, గెడ్డెస్ హైదరాబాదుకూ వచ్చాడు. కాని ఆయన పేరు అక్కడ ముడిపడినది పేటలతో కాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థలనిర్ణయంతో. 1923లో ఆయన ఇచ్చిన నివేదిక ఆ ప్రాంగణ చరిత్రలో తొలి అధ్యాయం.

గెడ్డెస్ 1932లో ఫ్రాన్సులోని మాంపెలియేలో మరణించాడు. భారతీయ నివేదికలు పురపాలక బీరువాలలో ఉండిపోయాయి. 1947లో జాక్వెలిన్ టిర్విట్ వాటినుంచి కొన్ని భాగాలను ఏరి సంకలనంగా ప్రచురించడంతో కొత్తతరం వాస్తుశిల్పులకు అవి అందాయి. 1956లో పార్లమెంటు చేసిన మురికివాడల చట్టం పేరులోనే మెరుగుదల, తొలగింపు అన్న రెండు మాటలూ పక్కపక్కన నిలిచాయి. బొంబాయి ట్రస్టూ గెడ్డెస్ నివేదికలూ ఒకే శీర్షికలో సర్దుకున్నట్లయింది. ఆచరణలో చాలాకాలం రెండోమాటదే పైచేయి.

మొదటిమాటకు బలమిచ్చిన ప్రయత్నాలలో హైదరాబాదు నగర సామాజికాభివృద్ధి పథకం ఒకటి. 1967లో ఇది మొదలైనప్పుడు ఇళ్ల ఊసు లేదు. బస్తీలలో మహిళామండళ్లు, బాల్వాడీలు, కుట్టుశిక్షణ కేంద్రాలు, యువజన సంఘాలు, అంతే. యునిసెఫ్ సహకారం తరువాత తోడైంది. ఇంటి ప్రస్తావన 1970లలో వచ్చింది. అప్పటికి బస్తీలలో సంఘాలు నిలదొక్కుకొని ఉన్నాయి కనుక, గుడిసెల మధ్య దారి ఎటు తీయాలి, ఎవరి గోడ ఎంత జరగాలి అన్నది అక్కడి పెద్దలూ స్త్రీలూ కూర్చొని తేల్చుకోగలిగారు. పటం గీసినవారు అధికారులే అయినా ఆ గీత ఎక్కడ పడాలో బస్తీకి తెలుసు. అంతవరకు ఇది తంజావూరు సందులలో గెడ్డెస్ చేసిన పనే. తేడా ఆ తరువాతి మెట్టులో ఉంది. నివాసికి తాను ఉంటున్న నేలకే పట్టా ఇచ్చారు. పట్టా చేతికొచ్చాక బ్యాంకు రుణం వచ్చింది. రుణంతో సామగ్రి, సొంతశ్రమతో గోడలు. పనిచోటు మారలేదు, పొరుగు మారలేదు. మట్టిగోడ స్థానంలో ఇటుకగోడ లేచింది.